నాందేడ్ పత్తి: పెరుగుదలలోనే పుట్టిన పతనం

1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న నాందేడ్ జిల్లా నల్లరేగడి నేలల్లో చాలాకాలం పండింది గౌరాణి పత్తి. దేశవాళీ రకమే అయినా పోగు పొడవైనది కావడంతో మిల్లులు దాన్ని కోరి కొనేవి. 1900 ప్రాంతంలో సికిందరాబాదు నుంచి నాందేడ్ మీదుగా మన్మాడ్‌కు రైలుమార్గం పడడంతో ఇక్కడి దూదికి బొంబాయి దారి తెరుచుకుంది. తరవాత ఊళ్లో ఉస్మాన్‌షాహీ బట్టల మిల్లు వెలిసింది. వానమీదే ఆధారపడిన ఆ సాగులో దిగుబడి తక్కువ. పంట పెరిగినా తరిగినా కారణం చాలావరకు ఆకాశమే.

సంకర రకాలు వచ్చాక ఈ లెక్క మారింది. ప్రపంచంలోనే తొలి సంకర పత్తి హెచ్-4 1970లో గుజరాత్‌లో విడుదలయింది. 1980లలో నాందేడ్ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌హెచ్‌హెచ్-44 మహారాష్ట్రలో విస్తారంగా పాకింది. ఎరువు వేస్తే ఏపుగా పెరిగే ఈ మొక్కలకు పురుగు బెడద కూడా ఎక్కువే. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ పురుగుమందులు మొదటి ఏళ్లలో అద్భుతంగా పనిచేశాయి. చల్లినకొద్దీ మందుకు లొంగే పురుగు చచ్చింది, లొంగనిది మిగిలి సంతతిని పెంచుకుంది. పురుగును తినే మిత్ర కీటకాలూ నశించాయి. 1987లో కోస్తా ఆంధ్రలో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగకుండా పోయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు వరంగల్‌లో అదే విషాదం. అప్పట్లో దేశపు సాగుభూమిలో పత్తి వాటా సుమారు 5 శాతం. అయినా పురుగుమందుల్లో దాదాపు సగం దానికే పోయేవి.

ఈ పతనాలను కరువుకో, కల్తీ మందుకో మాత్రమే అంటగడితే అసలు కారణం కనిపించదు. ఆర్థికశాస్త్రంలో దీనికి దగ్గరి నమూనా ఒకటి ఉంది. 1956లో రాబర్ట్ సోలో చూపిన వృద్ధి నమూనాలో పెట్టుబడి పెరిగేకొద్దీ అదనపు రాబడి తగ్గుతూ, ఆర్థిక వ్యవస్థ నెమ్మదిగా ఒక స్థిర స్థితికి చేరుతుంది. 1982లో రిచర్డ్ డే దానిలో కాలుష్యం లాంటి నష్టాన్ని చేర్చి చూశాడు. పెట్టుబడి ఒక హద్దు దాటితే మొత్తం ఉత్పత్తే పడిపోతుంది. ఉత్పత్తి రేఖ మూపురంలా లేచి దిగుతుంది. ఆ దిగుడు బాగా నిటారుగా ఉంటే సమతుల్య బిందువు ఉన్నా వ్యవస్థ అక్కడ నిలవదు. ఒక విడత హద్దు మీరుతుంది, మరు విడత కూలుతుంది, తేరుకుని మళ్లీ మీరుతుంది. బయటి దెబ్బ ఏదీ అక్కరలేదు. నమూనాలోని కొన్ని విలువల దగ్గర ఈ ఒడుదొడుకులకు క్రమమే ఉండదు. ఆరంభంలోని అతి చిన్న తేడా కూడా తరవాతి దారిని పూర్తిగా మార్చేస్తుంది.

డే చెప్పిన ఆ నష్టం పత్తి చేలోనూ ఉంది: ఇక్కడ తరిగిపోయిన ప్రకృతి సంపద, మందుకు పురుగు లొంగే గుణం. అది ఏ ఒక్క రైతు సొత్తూ కాదు. దాని నష్టం చల్లిన రోజున కాక కొన్ని పంటల తరవాత బయటపడుతుంది. ఈ ఆలస్యమే అసలు ప్రమాదం: దిగుబడి బాగున్నంతకాలం ప్రతి రైతుకూ ఇంకొంచెం చల్లడమే లాభంగా తోస్తుంది.

2002 మార్చిలో, పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి, 2006లో రెండు జన్యువుల బీటీకి అనుమతి వచ్చింది. మొదట్లో పురుగుమందుల వాడకం బాగా తగ్గింది. పురుగులో లొంగే గుణం నిలవాలని చేను చుట్టూ 5 వరుసలు గానీ, 20 శాతం విస్తీర్ణం గానీ, ఏది ఎక్కువైతే అంత మేర బీటీయేతర పత్తి వేయాలన్న నిబంధన ఉండేది. చాలామంది వేయలేదు. ఆ వరుసల నష్టం తనది, లాభం అందరిదీ అయినప్పుడు చిన్న రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. గులాబీ రంగు పురుగు 2010 నాటికి గుజరాత్‌లో మొదటి జన్యువును, మరో అయిదేళ్లకు రెండోదాన్నీ తట్టుకుంది. 2017లో మహారాష్ట్ర పత్తి చేలను దెబ్బతీసింది. అదే ఏడు నాందేడ్ పొరుగున యవత్మాల్‌లో మందు చల్లుతూ విషం సోకి 20 మందికి పైగా మరణించారు.

మరాఠ్వాడాలో చాలా పత్తి భూముల్లోకి సోయాబీన్ వచ్చింది. పత్తి మిగిలినచోట శాస్త్రవేత్తల సలహా ఒకటే: స్వల్పకాలిక రకాలను ఒకే సమయంలో విత్తి, డిసెంబరుకల్లా పంట ముగించి, మోళ్లు తీసేసి పురుగుకు తిండి లేని విరామం ఇవ్వాలి. ఇది ఒక ఊరు చేస్తే ఫలించదు. రెక్కల పురుగు పక్క తాలూకా నుంచీ, సరిహద్దు దాటి ఆదిలాబాద్ నుంచీ ఎగిరి రాగలదు.