బొగ్గుబాయి దీపము, ఓజోను పొర

గోదావరిఖని బొగ్గుబాయిలోనికి దిగు గని పర్యవేక్షకుడగు సర్దారు చేతనుండిన సేఫ్టీ ల్యాంపు దారి చూపుటకన్న గాలిని పరీక్షించుటకే యెక్కువగా నుపకరించినది. వత్తిని తగ్గించినప్పుడు జ్వాలపై లేత నీలిశిఖ పొడసూపినచో మీథేను చేరియున్నదనియు, ఆ శిఖ యెత్తును బట్టి నూటికెన్ని పాళ్లు చేరినదనియు గ్రహించు నేర్పు, 1889లో ఇల్లెందు కడ త్రవ్వకములు మొదలైన సింగరేణి సీమకు చిరపరిచితము. ఊర్ధ్వాకాశమందలి ఓజోనును కొలిచినవారును ఇట్లే వెలుగు జాడనే నమ్ముకొనిరి.

1920ల దశకమున ఆక్స్‌ఫర్డులో డాబ్సన్ అను శాస్త్రజ్ఞుడు నిర్మించిన యంత్రము సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను ఓజోను ఎంత మ్రింగినదో లెక్కించెడిది; ప్రొద్దు క్రుంకిన పిమ్మట దాని పని చాలవరకు నిలిచిపోయెడిది. ఈ కథలో తెలుగునేల పాత్ర హైదరాబాదుది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునుండి 1987, 1990 సంవత్సరములలో పైకెగసిన పరికరములు, అతిశీతల పాత్రలలో వివిధోన్నతుల గాలిని బంధించి తెచ్చి, ఓజోనును హరించు క్లోరోఫ్లోరోకార్బనుల పరిమాణమును తెలిపినవి. అట్టి వాయువులను అదుపుచేయు మాంట్రియల్ ఒడంబడిక కుదిరినదియు 1987లోనే. అయినను బెలూను చెప్పునది ఎగిరిన నాటి సంగతి మాత్రమే. మార్పు తెలియవలెనన్న రేయింబవళ్లు, ఏండ్ల తరబడి కొలత సాగవలెను.

ఆ కొరతను తీర్చినవి నేలమీది మైక్రోవేవ్ గ్రాహకములు. ఇవి ఆకాశమునకు ఏ తరంగమును పంపవు. ఓజోను అణువులు తమ చుట్టు తాము తిరుగుచు సహజముగా వెలువరించు, సుమారు 110.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యపు క్షీణసంకేతమును ఆలకించును. ఇందు మిక్కిలి సొగసైన విషయమొకటి కలదు. క్రిందిపొరలలో పీడనమధికమగుటచే అణువులు తరచుగా ఢీకొని ఆ సంకేతరేఖ విస్తరించును. పైకి పోయినకొలది అది సన్నగిల్లును. కావున రేఖాకృతిని గణితముచే విడదీసినచో ఏ యెత్తున ఎంత ఓజోను కలదో నేలనుండియే నిర్ణయింపవచ్చును. ఏబది కిలోమీటర్లకు పైన రాత్రివేళ పెరిగిన ఓజోను సూర్యోదయముతో తగ్గుట కూడ ఇట్లు తెలియుచున్నది. స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున 1994 నుండి ఇట్టి కొలతలు సాగుచున్నవి.

అయితే ఈ కొలత అన్నిచోట్ల సాగదు: గోదావరిఖని గల రామగుండము ఆకాశమున వర్షాకాలమందు నిండియుండు నీటియావిరి యీ సంకేతమును చాలవరకు మ్రింగివేయును. పొడిగాలి గల హవాయి ద్వీపపు మౌనాలోవా పర్వతముపై, దాదాపు 3,400 మీటర్ల యెత్తున, 1995లో ఇట్టి గ్రాహకము నెలకొల్పుట ఇందులకే.