ఒత్తుకు చోటు

సినిమా హాల్లో ఇంటర్వెల్ అయ్యాక, రీలు మళ్ళీ తిరగబోయే ముందు తెర మీద స్లైడ్లు పడేవి. ‘పొగ త్రాగరాదు’, ఊళ్ళో బట్టల కొట్టు, ‘త్వరలో’ అంటూ రాబోయే బొమ్మ పేరు. అరచేతిలో పట్టే గాజు పలక మీద పెయింటర్ చేత్తో రాసిన అక్షరాలవి. స్లైడు తలకిందులుగా పడి హాలంతా ఈలలేయడం మామూలే గానీ, ఒత్తు తెగిపోయిన స్లైడు మాత్రం నాకు గుర్తు లేదు. పెయింటర్ ముందు మాటను చూసేవాడు, తర్వాత చోటు చూసుకునేవాడు. ‘రాష్ట్రం’ అని రాయాల్సి వస్తే ట ఒత్తు, దాని కింద ర ఒత్తు దిగడానికి జాగా వదిలి, కింది వరసని ఇంకాస్త కిందకి జరిపేవాడు.

సినిమా టైటిళ్ళు రాసినవాళ్ళదీ ఇదే పద్ధతి. బాపు గానీ, బాపు మొదటి సినిమా ‘సాక్షి’ (1967)తో పబ్లిసిటీలోకి వచ్చిన ఈశ్వర్ గానీ మద్రాసులో గీసిన అక్షరాల్లో ఒత్తూ కొమ్మూ అడ్డం కాదు, అందమంతా వాటిలోనే ఉంటుంది. 1976లో అన్నపూర్ణ, ఆ తర్వాత ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. పరిశ్రమ మెల్లగా జూబ్లీ హిల్స్ కొండలెక్కింది. కథ మాత్రం నోటితోనే చెప్పేవాళ్ళు. దానికి సిట్టింగ్ అని పేరు.

ఇప్పుడా సిట్టింగ్‌కి పిచ్ డెక్ కూడా వస్తోంది. వాట్సాప్‌లో లింకు పంపితే చాలు, ఫోన్లో తెరుచుకోవాలి, మధ్యలో టీజర్ ఆడాలి. అందుకే బ్రౌజర్ స్లైడ్లు. నేను చూసిన డెక్‌లలో కథంతా ఇంగ్లీషులో ఉంటుంది, సినిమా పేరొక్కటే తెలుగులో. అది కూడా అక్షరం కాదు, పీఎన్‌జీ బొమ్మ! వెతికితే దొరకదు, తప్పుంటే దిద్దలేం.

ఎందుకిలా? 1987లో మాకింటాష్ కోసం వచ్చిన పవర్‌పాయింట్, 2004లో ఎరిక్ మేయర్ బ్రౌజర్ కోసం రాసిన ఎస్5, 2011లో స్వీడన్‌కి చెందిన హకీమ్ ఎల్ హతాబ్ మొదలుపెట్టిన రివీల్ జేఎస్, అన్నిటిదీ ఒకటే వరస: ముందు పెట్టె, తర్వాత మాట. చేసినవాళ్ళకి తెలుగు మీద కోపమేం లేదు. వాళ్ళ కళ్ళ ముందున్న అక్షరానికి ఒత్తుల్లేవు, అంతే. రివీల్ నల్ల థీమే తీసుకోండి. శీర్షికలన్నీ క్యాపిటల్స్‌లో పెట్టమంటుంది. మనకి క్యాపిటల్సే లేవు. శీర్షికలో వరస ఎత్తు 1.2 అంటుంది; ‘రాష్ట్రం’ కింద ‘స్త్రీ’ వస్తే పైనున్న ర ఒత్తు కింది గుడి దీర్ఘం మీద కూర్చుంటుంది. అందులోని సోర్స్ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరమే లేదు కాబట్టి బ్రౌజర్ ఆ మెషీన్లో దొరికినదాన్ని తెచ్చి అతికిస్తుంది. ఒక్కో ఆఫీసులో ఒక్కో మొహం.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ మన డీటీపీ సెంటర్లు చాలాకాలం అను ఫాంట్లతోనే గడిపాయి. ఆ ఫైలులోంచి తెచ్చి బ్రౌజర్‌లో అతికిస్తే వచ్చేది పిచ్చి ఇంగ్లీషు గీతలే. బొమ్మగా పెట్టే అలవాటు అక్కణ్ణించి కూడా వచ్చిందని నా అనుమానం.

దారి చూపించింది సిలికానాంధ్ర. పురుషోత్ కుమార్ గుత్తుల వంటివాళ్ళు గీసిన తెలుగు యూనికోడ్ ఫాంట్లను ఉచిత లైసెన్సుతో వదిలింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ... ఫిల్మ్ నగర్ కోసమే అన్నట్టు వాటిలో ఒకదాని పేరు ఎన్టీఆర్. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, పోస్టర్ అక్షరానికి బావుంటుంది.

ఇక టెంప్లేట్ మార్చడం పెద్ద పనేం కాదు. థీమ్ ఫైలు కాపీ చేసుకుని, శీర్షిక ఫాంటు దగ్గర ఎన్టీఆర్ అని రాయండి. క్యాపిటల్స్ ఆదేశం తీసేయండి. వరస ఎత్తు 1.7 దగ్గర మొదలుపెట్టి, పెయింటర్ చేసినట్టే ‘రాష్ట్రం’ కింద ‘స్త్రీ’ రాసి, రెండూ తగలకుండా ఉండేదాకా జరపండి. అదే సైజులో మన అక్షరం ఇంగ్లీషు పక్కన చిన్నగా కనబడుతుంది, కాస్త పెంచండి. వాక్యాలు పట్టకపోతే అక్షరాన్ని కుదించకండి, ఇంకో స్లైడు వేసుకోండి.

ఫాంటు ఫైలుని కూడా ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. ప్రివ్యూ థియేటర్లో నెట్ రాదు. గూగుల్ లింకుని నమ్ముకుంటే అక్కడ తెర మీద పడేది ఎన్టీఆర్ కాదు, విండోస్ వారి నిర్మల.