తాటి దోనె

తాటి మొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తని దవ్వ తొలిచి చేసే సన్నని పడవ. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పరుచుకున్న కొల్లేరు సరస్సు దీనికి పేరుపడ్డ చోటు. మొదలు వైపు ఉబ్బు దోనెకు ఒక కొనగా మిగులుతుంది. లోతులేని నీటిలో గెడతో నెట్టుకుంటూ పోతారు.

ఒంటి దోనె ఇట్టే ఒరుగుతుంది. అందుకే రెండింటిని పక్కపక్కన కట్టి సంగడి చేస్తారు. పైన బల్ల పరిస్తే సామాను, మనుషులు నిలుస్తారు. ఒకటో శతాబ్దపు గ్రీకు రచన 'పెరిప్లస్' తూర్పు తీరాన మొద్దులు జతకట్టిన 'సంగర' నావలను పేర్కొంది. ఈ రెండు మాటల పోలిక యాదృచ్ఛికం కాకపోవచ్చు.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం బయటివారు అభయారణ్యంలో రాత్రి బస చేయాలంటే అనుమతి తప్పనిసరి. కొల్లేరులోని ఆటపాకలో పెలికాన్లను చూడ్డానికి వచ్చేవారికి దొరికేది పగటి పడవ షికారే.

పడవల విషయంలో తెలంగాణ తీరు వేరు. కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు వంటి జలాశయాల ప్రాంతంలో జాలరులకు అలవాటైనవి తెప్ప, పుట్టి.