చెఱకుచేనును బీడీచాటయు

నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప బోధను ప్రాంతమున మెట్టచేలు చెఱకుతోటలైనవి. ఆ దశాబ్దముననే శక్కర్‌నగరమున చక్కెర కర్మాగారము వెలసెను. నీరు వచ్చెను, రొక్కము వచ్చెను. అత్తవారింట ఇరువదియేండ్లు కుమిలిన స్త్రీకి వీనిలో ఏమి దక్కినదని అడుగువారు అరుదు.

కష్టజీవుల కులములు పెక్కింట, పెద్దల పంచాయతి యెదుట తెగతెంపులు చేసికొని స్త్రీ మారుమనువు పోవుట పూర్వమునుండి కలదు. దానిని అనాగరికమని నవ్వినవారము మనమే. మన యింటి ఆడుబిడ్డకు మాత్రము తలుపు తెఱవమైతిమి. మదరాసు రాష్ట్రమున 1949లో హిందువులకు విడాకుల శాసనము వచ్చినది. నిజామాబాదు అప్పుడు హైదరాబాదు రాష్ట్రములోనిది గనుక ఇచ్చట అది చెల్లలేదు.

1955 మే 18న హిందూ వివాహ శాసనము అమలులోనికి వచ్చెను. దానిని చదివినవారు ఆశ్చర్యపడక మానరు. భర్త కొట్టినను, విడిచిపోయినను నేరుగ విడాకులు లేవు. ముందు న్యాయస్థానమున వేఱుగ నుండుటకు తీర్పు పొంది, రెండేండ్లు గడచిన పిమ్మట మరల అర్జీ పెట్టుకొనవలెను. క్రౌర్యమును పరిత్యాగమును విడాకులకు కారణములుగ చేర్చుటకు 1976 వఱకు పట్టినది. ఇరువదియొక్క యేండ్లు! ఒక యాడుదాని యౌవనమంతయు అందులో గడచిపోవును.

విడివడి వచ్చినది సరే, నిలుచుట యెక్కడ? 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కుమారునితో సమానమైన హక్కు కలిగినది. గర్వింపదగినదే. కాని యంతకుముందే పెండ్లియైనవారికి ఆ హక్కు లేదు. అనగా ఎవరు చిరకాలము బాధపడిరో వారినే శాసనము వెలుపల నిలిపినది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణతోగాని ఆ భేదము తొలగలేదు.

పుట్టింటికి వచ్చిన స్త్రీని పెక్కుచోట్ల నిలిపినది చెఱకుచేను గాదు, బీడీచాట. తునికాకు, తంబాకు, దారము, ఒక కత్తెర; ఇంటి అరుగే కార్ఖానా. కూలి స్వల్పము, పొగాకు ధూళి రొమ్మునకు చెఱుపు. దీనిని స్వాతంత్ర్యమని పొగడుటకు మాకు నోరు రాదు. అయినను 1966 నాటి బీడీ కార్మికుల శాసనము ఇంట పనిచేయు స్త్రీనిగూడ కార్మికురాలిగ గుర్తించినది. ఆ కూలి ఆమె చేతి కష్టముది, ఎవరి దయయు గాదు.

బోధను కర్మాగారము 2015లో మూతపడినది. బీడీచాటలు మూతపడలేదు. మా తరగతి బాలిక యొకతె, తల్లి చుట్టిన బీడీలతో చదువుకొనుచున్నది, దరఖాస్తులో తండ్రి పేరుండు చోట తల్లి పేరు వ్రాసి, “ఇది చెల్లునా, సారూ?” అని యడిగెను. చెల్లునని చెప్పితిమి.