లెక్కకు రాని కట్టె

ఏ దేశంలో ఎంత వంటచెరకు ఉత్పత్తి అవుతోందో ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ 1961 నుంచి ఏటేటా లెక్క కడుతోంది. ఇప్పుడది ప్రపంచమంతటా ఏడాదికి సుమారు 190 కోట్ల ఘనపు మీటర్లు. అందులో దాదాపు 30 కోట్లు భారతదేశానివే. చైనాలో ఈ అంకె తగ్గుతూ వస్తోంది, ఆఫ్రికాలో పెరుగుతోంది. అయితే కట్టెను తూచి చెప్పే దేశాలు తక్కువ. జనాభానూ వాడకాన్నీ బట్టి అంచనా కట్టిన అంకెలే ఎక్కువ. కంది కట్టె, పిడక ఆ లెక్కలోకి రానేరావు. అందుకే మన పావగడ పొయ్యిని ఆ పట్టికల్లో వెతికితే దొరకదు.

పావగడకు మూడు వైపులా అనంతపురం సీమ. గుట్టలు ఒకటే, వాన ఒకటే, మాట ఒకటే. చట్టాలు మాత్రం వేరు. అటువైపు 1882 నాటి మద్రాసు అడవి చట్టం, ఇటువైపు మైసూరు సంస్థానం వారి చట్టం. మోపు కోసం గుట్టెక్కిన ఆడవాళ్ళు ఏ దొరతనం కింద ఉన్నారో ఆ గట్టు చెప్పాల్సిందే.

ఒకే రాష్ట్రంలోనూ కట్టె కథ ఒకటి కాదు. 1923లో పని మొదలుపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారం మలెనాడు అడవుల బొగ్గుతో ఇనుము కరిగించింది. మన మెట్ట నేలలో మానులు లేవు. పుల్ల, కంప, కంది కట్టె, చెనక్కాయ పొట్టు, ఇవే మన ఇంధనం.

ఆ కంపకూ ఒక చరిత్ర ఉంది. అమెరికా ఖండపు ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మనం సర్కారు తుమ్మ అన్నాం. కన్నడిగులు బళ్ళారి జాలి అన్నారు, తమిళులు సీమై కరువేలం అన్నారు. ఎవరికి వారు పక్కవాళ్ళ నుంచో, పరాయి దేశం నుంచో వచ్చిందన్నారు. పశువు తినని ఆకు, నీళ్ళడగని వేరు, ఎంత నరికినా మళ్ళీ చిగిర్చే మొదలు. పేదింటి పొయ్యికి అదే దిక్కైంది, పట్నాలకు పోయే బొగ్గూ అయింది.

మన జిల్లాలోనే కుణిగల్ తాలూకా పుర అనే ఊరిని బెంగళూరు విజ్ఞాన సంస్థకు చెందిన అమూల్య రెడ్డిగారి బృందం 1970ల చివర పరిశీలించింది. 56 ఇళ్ళు, 357 మంది జనం. ఊరు వాడే శక్తిలో నూటికి 80 పాళ్ళకు పైగా కట్టెదే. అందులో కొన్నది బహు స్వల్పం, మిగతాదంతా ఏరి తెచ్చినదే. అంటే దాని వెల కాళ్ళతో, నడుముతో చెల్లించినదన్నమాట. మన తాలూకాలో అలాంటి లెక్క ఎవరైనా తీసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

2016లో ఉజ్వల గ్యాసు పథకం వచ్చింది. 2018లో తిరుమణి దగ్గర సౌర విద్యుత్ కేంద్రం మొదలై, 2019 చివరికి 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్లకు చేరింది. అయిదూళ్ళ భూమి కౌలుకు పోయి కంచెలు లేచాయి. కౌలు పట్టాదారుకు అందుతుంది. ఆ చేలగట్ల మీద కంప కొట్టుకున్న కూలివాళ్ళకు ఏ పత్రంలోనూ పేరు లేదు. మెగావాట్లను మీటరు లెక్కిస్తుంది, మోపును ఎవరూ లెక్కించలేదు.

మోపు మోసిన తరం ఇంకా మన ఇళ్ళల్లో ఉంది. ఏ గుట్టకు పోయేవాళ్ళు, ఎన్ని గంటలు పట్టేది, ఏ కట్టెకు ఏ పేరు, గార్డుకు ఏమిచ్చుకునేవాళ్ళు అని అడిగి తెలుగులో రాసిపెట్టుకుందాం. ఆ పేర్లు కన్నడ బడి పుస్తకంలోనూ ఉండవు, ఆంధ్ర పుస్తకంలోనూ ఉండవు.