రహీం, సయ్యద్ అబ్దుల్

సయ్యద్ అబ్దుల్ రహీం (17 ఆగస్టు 1909 – 11 జూన్ 1963) హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు. 1950 నుంచి మరణించేవరకు భారత జట్టు కోచ్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగానూ, సిటీ పోలీసు జట్టు శిక్షకుడుగానూ బాధ్యతలు చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఆయన శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడింది. అప్పటికి పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండానే ఆడేవారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచి నాలుగో స్థానం పొందింది.

ఒంటరి పరుగులకన్నా పొట్టి పాస్‌లకు, వాటం లేని కాలి సాధనకు ఆయన ప్రాధాన్యమిచ్చారు. భారత ఫుట్‌బాల్‌కు ఆయన ఇచ్చిన అసలు సంపద ఈ పద్ధతే. కేన్సర్‌తో బాధపడుతూనే 1962 జకార్తా ఆసియా క్రీడలకు జట్టును నడిపించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1తో విజయం దక్కింది. ఆ క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత స్వర్ణం రాలేదు. 1970లో కాంస్యం లభించింది.