కడపలో అక్షరపరీక్ష

అక్షరరూపమును పరీక్షావస్తువుగాఁ గైకొని దాని యౌచిత్యమును ప్రశ్నించు రూపకల్పనావిద్య కేవలము నేఁటి శాలలలోఁ బుట్టినదని తలఁచువారు కడపను మఱచినవారు. రేనాటి చోళులు క్రీ.శ. 575 ప్రాంతమున కలమళ్లలో తెలుఁగును శిలకెక్కించిన సీమ యిదియే.

1820లో ఇచ్చటికి ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను బంగళా కొని, స్వీయధనముతో పండితులను, లేఖకులను పోషించి, తాటాకుప్రతులను కాగితముల కెక్కించి, పాఠభేదములను సరిపోల్పించెను. జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. 1829లో ఆయన పరిష్కరించిన వేమన పద్యములు అచ్చుపడెను.

నాకు మాత్రము బ్రౌను నిఘంటువే యధికాశ్చర్యకరము. చాప, చేప యనునప్పుడు నాలుక వేర్వేఱు తావులఁ దాఁకును. వ్యాకర్తలెఱిఁగిన యీ భేదమును లిపి దాఁచుచుండఁగా, 1852 నాఁటి నిఘంటువులో బ్రౌను చ, జ లపై చిన్న గుర్తు నుంచి దంత్యములను ౘ, ౙ లుగా వేఱుపఱచెను. అక్షరము తన పనిని సరిగాఁ జేయుచున్నదా యని యడుగుట కంటె విమర్శ మేమున్నది? లోకమేమో ఆ గుర్తులను చేకొనలేదు. పాఠకునికి సందర్భమే చాలెను. నిఘంటువులలోను, భాషాశాస్త్రగ్రంథములలోను మాత్రమే యవి నిలిచి, 2008లో యూనికోడ్ పట్టికలో స్థానము పొందెను.